ఆకాశంలో సగం, రాత్రి ఎనిమిదిన్నర వరకూ

తెలుగు పెళ్ళిలో ఆడపిల్లకి ఆకాశాన్ని లాంఛనంగా ఒకే ఒక్కసారి చూపిస్తారు. పురోహితుడు జంటని మంటపం బయటికి తీసుకొచ్చి, పెళ్ళికొడుకు చేత వేలు పైకెత్తించి, అదుగో అరుంధతి అని చెప్పిస్తాడు. చాలా పెళ్ళిళ్ళలో అది పట్టపగలు. ఎండకి కళ్ళు చికిలించుకుంటూ పెళ్ళికూతురు తలూపుతుంది. వీడియో అతను ఇంకోసారి చూడమంటే ఇంకోసారి చూస్తుంది. "ఎక్కడండీ, నాకేం కనపడటం లేదు" అన్న పెళ్ళికూతురు నాకింతవరకూ తారసపడలేదు. అక్కడ చూడటం ముఖ్యం కాదు. వేలు అతనిది, చుక్క అతను చూపించింది, చూశానని ఒప్పుకోవడం మాత్రం ఆమె వంతు.

పెళ్ళిలో సరే, అది ఆచారం, దానికి సైన్సుతో పనిలేదు అనుకుందాం. మరి సైన్సు పేరుతో, అందరికీ ఆహ్వానం అని రాసి, ఊరి బయట టెలిస్కోపులు పెట్టి ఆకాశం చూపించేవాళ్ళ దగ్గర పరిస్థితి ఏమైనా వేరుగా ఉందా? వేలు ఎవరిది, చూసేది ఎవరు, చూశానని ఒప్పుకుని ఇంటికెళ్ళేది ఎవరు అన్న ప్రశ్నలు అక్కడ కూడా వేసుకోవాల్సిందే అన్నది నా వాదన.

2025 మార్చి 8, శనివారం. అంతర్జాతీయ మహిళా దినోత్సవం. అత్వెల్లి దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో ఔత్సాహిక ఖగోళ బృందం ఒకటి ఆకాశ దర్శనం ఏర్పాటు చేసింది. మహిళలకి ప్రవేశ రుసుము సగం. కుటుంబ సమేతంగా రండి అని పిలుపు. రింగు రోడ్డు దాటి, మేడ్చల్ దాటి నాగపూర్ హైవే మీద కాస్త ముందుకెళితే అత్వెల్లి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలుండేవి. ఇప్పుడు ప్లాట్లు, గోడౌన్లు, వారాంతపు ఇళ్ళు. నగరంలో చుక్కలు కనిపించవు కాబట్టి చుక్కలు కావలసినవాళ్ళు ఇక్కడిదాకా రావాలి. అసలు ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళు 48 అంగుళాల టెలిస్కోపుని నగరానికి యాభై కిలోమీటర్లకి పైగా దూరంలో, జపాల్ రంగాపూర్ దగ్గర పెట్టుకున్నది కూడా చీకటి కోసమే. అది 1968 నాటి మాట. అప్పటి నుంచి చీకటి ఇంకా ఇంకా దూరం జరుగుతూనే ఉంది. చీకటి దూరం జరిగిన కొద్దీ అది ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నది ఖగోళశాస్త్ర ప్రశ్న కాదని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం మొదటి ప్రశ్న అదే.

నేను లెక్కపెట్టాను. ఏడు గంటలకి అక్కడ వందకి అటూ ఇటూగా జనం ఉన్నారు. అందులో నలభై మందికి పైగా స్త్రీలు. తక్కువేం కాదు. ఆడవాళ్ళకి సైన్సు మీద ఆసక్తి ఉండదు అనేవాళ్ళు ఈ నలభై సంఖ్యని గుర్తుపెట్టుకోవాలి. ఐదు టెలిస్కోపులున్నాయి. ఐదింటి దగ్గరా నిలబడి చూపిస్తున్నది మగవాళ్ళే. పడమట శుక్రుడు సన్నటి నెలవంకలా ఉన్నాడు. నడినెత్తికి దగ్గర్లో చంద్రుడు, పక్కనే కుజుడు. గురుగ్రహం, దాని నాలుగు చందమామలు. వరసలో నా ముందున్న ఆయనకి కుర్రాడు వివరంగా చెప్పాడు: ఇది ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ సార్, ఐపీస్ మారిస్తే ఇంత పెద్దగా కనిపిస్తుంది సార్. నా వంతు వచ్చాక, "చంద్రుడు చాలా అందంగా ఉంటాడు మేడమ్, ఫోన్ పెడితే ఫొటో కూడా వస్తుంది" అన్నాడు. మర్యాదలో ఏ లోపమూ లేదు. సార్లకి సైన్సు, మేడమ్‌లకి అందం. అంతే తేడా. నా వెనకున్న ఆమె ఏదో అడిగితే జవాబు ఆమె భర్త మొహం చూసి చెప్పాడు. భర్త ఆమెకి మళ్ళీ చెప్పాడు. చంద్రుడి నుంచి మనకి వెలుతురు చేరడానికి సెకనుకి కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ జవాబు ఆమెకి చేరడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

ఎనిమిదిన్నర నుంచి ఆడవాళ్ళు కదలడం మొదలైంది. పిల్లలకి నిద్ర వస్తోంది. పొద్దున్నే టిఫిన్ ఉంది. అత్తగారు ఫోన్ చేశారు. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ బస్సు దొరకాలి. అన్నిటికంటే ముందు, అక్కడ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒక్కటీ కాపలావాళ్ళ గదికి ఆనుకుని, తలుపు గొళ్ళెం పడనిది. మగవాళ్ళు గోడ వారకి వెళ్ళొచ్చారు. మేం మంచినీళ్ళు తాగడం మానేశాం. తొమ్మిదిన్నరకి ముప్ఫై అయిదు మంది మిగిలారు. అందులో ఆడవాళ్ళం నలుగురం. నేను, నన్ను కారులో తీసుకొచ్చిన స్నేహితురాలు, వంటకి వచ్చిన ఒకామె, ఆమె కూతురు. చివరి ఇద్దరూ ఉన్నది చుక్కల కోసం కాదు, గిన్నెలు తోమడం అవలేదు కాబట్టి.

సరిగ్గా అప్పుడు ఈశాన్యంలో సప్తర్షులు చెట్ల పైకి వచ్చారు. మార్చి మొదట్లో మన అక్షాంశం నుంచి అరుంధతిని తేలిగ్గా చూడాలంటే ఆ వేళ దాకా ఆగక తప్పదు. పట్టపగలు పెళ్ళిలో చూశామని తలలూపిన స్త్రీలందరూ నిజమైన అరుంధతి వచ్చేసరికి ఇంటిదారి పట్టేశారు. నిర్వాహకులు ఎవరినీ పొమ్మనలేదు. ఆపలేదు కూడా. ఆకాశంలో సగం అనే మాట మనకి ఒక ఉద్యమ నినాదం, ఓల్గా నవల పేరు. దాని వెనక ఎన్ని పోరాటాలున్నాయో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. అత్వెల్లిలో నాకు అర్థమైన సవరణ ఒక్కటే. ఆకాశంలో సగం మనదే, కాకపోతే రాత్రి ఎనిమిదిన్నర వరకూ.

ఇంతకీ మనకి చూపించే ఆ అరుంధతి ఎవరు? సప్తర్షి మండలం తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు, దాన్ని ఆనుకున్న చిన్న చుక్క అరుంధతి. ఎప్పుడూ భర్త పక్కనే, కాంతిలో అతనికంటే తక్కువ. పాతివ్రత్యానికి ఇంతకంటే అనుకూలమైన చుక్క దొరకదు. కానీ సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఇంకో అరుంధతి కూడా తెలుసు. మహాభారతం భీష్మపర్వంలో యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడికి అపశకునాల జాబితా చెబుతాడు. అందులో ఒకటి, అరుంధతి వసిష్ఠుణ్ణి వెనక్కి నెట్టి ముందు నడుస్తోంది అని. ఆడచుక్క ఒక అడుగు ముందుకు వేస్తే వంశనాశనం అన్నమాట. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో వసిష్ఠుణ్ణి కట్టుకున్న అక్షమాల అనే నీచకులజ గౌరవం పొందిందని ఉంది. ఆ అక్షమాలే అరుంధతి అని వ్యాఖ్యాన సంప్రదాయం. అంటే ఆమె గౌరవం ఆమెది కాదు, మొగుడిచ్చింది. మరోవైపు మాదిగలు తమని అరుంధతీయులని చెప్పుకుంటారు. షెడ్యూల్డ్ కులాల జాబితాలో కూడా ఆ పేరుంది. వాళ్ళ కథల్లో అరుంధతి మాతంగుల ఆడపడుచు. ఏ కులాన్ని వాకిట్లోకి రానివ్వలేదో ఆ కులపు ఆడపడుచునే వాకిట్లో నిలబడి కోడలికి ఆదర్శంగా చూపించడం ఎంత విచిత్రం! ఒక్క చుక్క మీద ఇన్ని కథలుంటే పెళ్ళిపందిట్లో వినిపించేది ఒక్కటే.

ఇక టెలిస్కోపు చెప్పేది వేరే. వసిష్ఠుడు ఒక్కడు కాదు. నాలుగు నక్షత్రాలు రెండు జంటలుగా తిరుగుతున్నాయి. అరుంధతికి కూడా ఒక తోడు నక్షత్రం ఉందని 2009లో తేలింది. మొత్తం ఆరు. మనకి ఎనభై కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. వసిష్ఠుడి వర్ణపటంలో ఒక గీత అప్పుడప్పుడూ రెండుగా చీలుతోందని 1889లో హార్వర్డ్ వేధశాల డైరెక్టర్ ఎడ్వర్డ్ పికరింగ్ ప్రకటించాడు. ఆ ఛాయాచిత్రాల్ని దగ్గర కూర్చుని పరిశీలించిన మనిషి ఆంటోనియా మౌరీ. అరుంధతిని చూపించే వేలు మగవాడిది. వసిష్ఠుడి గుట్టు పట్టుకున్న కన్ను ఆడదానిది. ఆ రాత్రి మిగిలిన ముప్ఫై అయిదు మందికి వసిష్ఠ అరుంధతుల గురించి పది నిమిషాలు చెప్పారు. మన ఋషులు ఎంత గొప్పవాళ్ళో చెప్పారు. మౌరీ పేరు రాలేదు. మహిళా దినోత్సవం నాడు కూడా రాలేదు.

ఇది మరచిపోవడం కాదు, ఒక పద్ధతి. ఖగోళశాస్త్రం చరిత్ర నిండా ఆ పద్ధతే. హార్వర్డ్‌లో గాజు పలకల మీద చుక్కలు లెక్కపెట్టిన స్త్రీలకి గంటకి పాతిక సెంట్ల నుంచి జీతం. విలియమీనా ఫ్లెమింగ్ అంతకు ముందు పికరింగ్ ఇంట్లో పనిమనిషి. 1912లో హెన్రియెట్టా లెవిట్ కనిపెట్టిన సూత్రం లేకపోతే మిగతా గెలాక్సీలు ఎంత దూరంలో ఉన్నాయో తరవాత హబుల్ కొలిచి ఉండేవాడు కాదు. మన హైదరాబాదుకీ ఇందులో వాటా ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా వేధశాల ఆయన పోయాక నిజాం ప్రభుత్వం చేతికొచ్చి, 1908లో బేగంపేటకి మారింది. మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి చుక్కల పట్టిక వెయ్యాలన్న అంతర్జాతీయ పథకంలో అది పాలుపంచుకుంది. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ అని దాని సారథుల పేర్లు మనకి తెలుసు. అదే పథకంలో వాటికన్ వేధశాల వంతుకొచ్చిన 4,81,215 నక్షత్రాల్ని 1910 నుంచి 1921 దాకా కొలిచింది నలుగురు సన్యాసినులు. వాళ్ళ ఫొటో ఎప్పటి నుంచో ఉంది. పేర్లు మాత్రం 2016లో బయటపడ్డాయి. ఎమీలియా పొన్జోని, రెజీనా కొలంబో, కొంచెత్తా ఫినార్ది, లూయిజా పన్చేరి. చుక్కలన్నిటికీ అంకెలు వేసినవాళ్ళకి తమ పేర్లు దక్కడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

ఇంకా మన దగ్గరికి వద్దాం. విశాఖపట్నంలో 1840 ప్రాంతంలో గోడె వెంకట జగ్గారావు సొంత వేధశాల కట్టించాడు. ఆయన తరవాత దాన్ని నడిపినవాడు అల్లుడు అంకితం వెంకట నరసింగరావు. 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడం చూసి నమోదు చేశాడు. 1892లో ఆయన పోయాక భార్య 1894లో వేధశాలని మద్రాసు ప్రభుత్వానికి ఇవ్వజూపింది. మామ నుంచి అల్లుడికి దూరదర్శిని వచ్చిందంటే మధ్యలో ఒక కూతురుండాలి కదా. ఆమె ఎప్పుడైనా అందులోంచి చూసిందా? ఏం చూసింది? ఇలాంటి ప్రశ్నలు మన సైన్సు చరిత్రకారులకి తోచవు. భార్యగా ఆమె ఇచ్చింది గుర్తుంటుంది, మనిషిగా చూసింది గుర్తుండదు.

ఇక్కడ నిర్వాహకుల జవాబు నాకు తెలుసు. అడిగితే అదే అన్నారు కూడా. "మేం ఎవరినీ రావద్దనలేదు కదా మేడమ్, సగం టిక్కెట్టే పెట్టాం కదా." నిజమే. కాలిఫోర్నియాలో పాలొమార్ వేధశాల వాళ్ళు అలా కూడా అనలేదు, నేరుగానే ఆపారు. 1965 వరకూ అక్కడ పరిశీలనకి స్త్రీలకి అధికారికంగా అనుమతి లేదు. కారణం ఏం చెప్పేవాళ్ళో తెలుసా? ఆడవాళ్ళ మరుగుదొడ్డి లేదని. అనుమతి దొరికిన మొదటి స్త్రీ వెరా రూబిన్ ఒక కాగితాన్ని గౌనులా కత్తిరించి మగవాళ్ళ గది తలుపు మీది బొమ్మకి అంటించింది. ఇదుగో, ఇప్పుడు ఉంది, అంది. అంతకు పదేళ్ళ ముందు మౌంట్ విల్సన్‌లో మార్గరెట్ బర్బిడ్జ్ టెలిస్కోపు వాడుకోవడానికి భర్త పేరుతో దరఖాస్తు పెట్టుకుని, కాగితాల మీద అతని సహాయకురాలిగా వెళ్ళాల్సి వచ్చింది. పాలొమార్ దగ్గర మరుగుదొడ్డి లేకపోవడం నిషేధానికి సాకు. అత్వెల్లి దగ్గర నిషేధం అక్కర్లేదు, మరుగుదొడ్డి లేకపోతే చాలు. ఆరు దశాబ్దాల్లో జరిగిన ప్రగతి ఇది. సగం టిక్కెట్టు పెట్టినవాళ్ళు ఆ డబ్బుతో ఒక తలుపుకి గొళ్ళెం వేయించి ఉంటే ఇరవై మంది స్త్రీలు ఇంకో గంట ఉండేవాళ్ళు.

రావాలనుకుని రాలేకపోయినవాళ్ళ సంగతి వేరు. నాకు తెలిసిన ఇద్దరమ్మాయిలు, ఇద్దరూ పీజీ విద్యార్థినులు, ఎంతో ఆశపడ్డారు. హాస్టల్ గేటు తొమ్మిదికి మూసేస్తారు. ఆలస్యానికి అనుమతి కావాలంటే తండ్రి సంతకం తేవాలి. తల్లి సంతకం చెల్లదు. ఇరవై మూడేళ్ళ అమ్మాయి చుక్కలు చూడటానికి నాన్న సంతకం! 2015లో ఢిల్లీ అమ్మాయిలు పింజ్రా తోడ్ పేరుతో హాస్టల్ గేట్ల మీద తిరగబడినప్పుడు, ఇంతకీ రాత్రిళ్ళు బయట వీళ్ళకేం పని అని అడిగినవాళ్ళు కొల్లలు. పని ఉంటేనే స్త్రీ రాత్రి బయట ఉండాలి, ఆ పని ఏమిటో చెప్పుకోవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా స్త్రీలని పనిలో పెట్టుకోకూడదని పని విషయంలోనే రాసుకుంది. ఇక ఏ పనీ లేకుండా, ఊరికే తలెత్తి చూస్తూ నిలబడటం గురించి ఏ చట్టమూ ఊహించి కూడా ఉండదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి రాసిన 'వై లాయిటర్' పుస్తకం 2011లో వచ్చింది. ముంబాయి వీధుల గురించి వాళ్ళు వాదించింది ఇదే. స్త్రీకి కావలసింది కాపలా మాత్రమే కాదు, కారణం చెప్పకుండా తిరిగే హక్కు అని. ఆకాశం చూడటం కంటే కారణం అక్కర్లేని పని ఇంకేముంటుంది? అందుకే అది మనకి అంత కష్టం.

భద్రత కోసమే కదా అంటారు. ఈ మాట దగ్గర ఆగి మాట్లాడాలి, ఎందుకంటే భయం అబద్ధం కాదు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక యువ వెటర్నరీ డాక్టర్‌ని అత్యాచారం చేసి చంపారు. అది జరిగింది చీకటి అడవిలో కాదు. రింగు రోడ్డు టోల్ ప్లాజా పక్కన, లారీలు ఆగే చోట. ఆ తరవాత కొద్ది రోజులకే అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఆర్టీసీలో మహిళా ఉద్యోగులకి రాత్రి డ్యూటీలు వెయ్యొద్దన్నారు. నేరం చేసింది మగవాళ్ళు, డ్యూటీ తీసేసింది ఆడవాళ్ళకి. ఆలోచించండి. రాత్రి బస్సులో మహిళా కండక్టర్ ఉంటే ఆ బస్సు ఎక్కే ఇంకో స్త్రీకి ఎంత ధైర్యం! ఒకామెని ఇంటికి పంపితే పదిమంది ఇంట్లోంచి బయటికి రారు. రోడ్డు మీద ఆడవాళ్ళు తగ్గిన కొద్దీ రోడ్డు ఇంకా ప్రమాదకరమవుతుంది. అప్పుడు ఇంకొందరిని ఇంటికి పంపుతారు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో స్త్రీలకి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం. మంచిదే, చాలామంది జీవితాల్లో తేడా తెచ్చింది. కానీ రాత్రి పదింటికి రాని బస్సు ఉచితమైతే మాత్రం ఏం లాభం?

ఇంకో పరిష్కారంగా లైట్లు పెడతారు. 158 కిలోమీటర్ల రింగు రోడ్డుకి వరసగా ఎల్‌ఈడీ దీపాలు వెలిశాయి. ఖగోళ మిత్రులు ఈ వెలుతుర్ని తిట్టుకుంటారు. నగరం ఆకాశాన్ని మింగేసిందని వాళ్ళ బాధ. వాళ్ళ బాధలో నాకు పాలు లేదని కాదు. కానీ ఈ గొడవలో స్త్రీల పేరు రెండు వైపులా వాడుకోవడం చూడండి. దీపాలు పెట్టేవాళ్ళు స్త్రీల భద్రత కోసం అంటారు. దీపాలు వద్దనేవాళ్ళు స్త్రీల భద్రత మాటెత్తితే ఇబ్బందిగా మొహం తిప్పుకుంటారు, అది తమ విషయం కాదన్నట్టు. ఆడవాళ్ళకి వెలుతురు, మగవాళ్ళకి చుక్కలు అని పంపకం జరిగిపోయింది. నేను ఈ పంపకాన్ని ఒప్పుకోను. మనల్ని కాపాడేది ఆకాశంలోకి చిమ్మే ఫ్లడ్‌లైటు కాదు. నేల మీద మాత్రమే పడేలా గొడుగు కట్టిన దీపం, పదినిమిషాలకో బస్సు, తెరిచి ఉన్న టీకొట్టు, ఆ టీకొట్టు ముందు నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళు. చీకటిని పోగొట్టమని ఎవరూ అడగలేదు. చీకట్లో కూడా మనుషుల్లా ఉండనివ్వమని అడుగుతున్నాం.

మూఢనమ్మకాల సంగతి కూడా మాట్లాడాలి. ఇలాంటి కార్యక్రమాల్లో తప్పనిసరి ఘట్టం అది. ఆ రోజు కూడా గ్రహణాల గురించి ప్రసంగం జరిగింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా పోయినప్పుడు జనం తలుపులు వేసుకుని కూర్చున్నారనీ, గర్భిణులు ఇప్పటికీ కదలకుండా పడుకుంటారనీ, మన ఆడవాళ్ళు మారాలనీ చెప్పారు. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెదవి చీలికతో పుట్టిన బిడ్డని మన భాష గ్రహణం మొర్రి అంటుంది. డాక్టర్లు కూడా మాటవరసకి అదే అంటారు. ఆ మాటలో తీర్పు ఉంది. గ్రహణం నాడు ఈ తల్లి ఏదో చేసింది, కూరగాయ తరిగిందో, గోకిందో, బయటికొచ్చిందో అని. బిడ్డ పుట్టిన రోజు నుంచి ఆ తల్లి ఆ మాటని మోస్తుంది. గ్రహణం నాడు ఆమె పడుకునేది చంద్రుడికి భయపడి కాదు. రేపు ఏదైనా జరిగితే అందరూ వేలెత్తి చూపేది తననేనని తెలిసి. ఇది అజ్ఞానం కాదు, తన చుట్టూ ఉన్న మనుషుల గురించి చాలా కచ్చితమైన జ్ఞానం. అత్తగారిని, మొగుణ్ణి, వాళ్ళ మాటలకి బలమిచ్చే పంచాంగాన్ని వదిలేసి ఆమెని ఒక్కదాన్నే మారమనడం ఏం శాస్త్రీయ దృక్పథం? గ్రహణం వేళ నలుగురిలో కూర్చుని తిని చూపించే జనవిజ్ఞాన వేదిక లాంటివాళ్ళంటే నాకు గౌరవం ఉంది. నేను అడిగేది ఇంకో అడుగు. గర్భిణికి ధైర్యం చెప్పే ముందు మొగుణ్ణి పిలిచి, బిడ్డకి ఏం జరిగినా నా భార్యని ఒక్క మాట అనను, అననివ్వను అని అందరి ముందూ చెప్పించండి. మూఢనమ్మకం పునాది అక్కడుంది.

పైన ఉన్న ఆకాశాన్ని పంచిన తీరు కూడా ఇంతే. శుక్రగ్రహం మీద లోయలకీ బిలాలకీ స్త్రీల పేర్లే పెట్టాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం నియమం. మాక్స్‌వెల్ పర్వతాల లాంటి రెండు మూడు పాత మినహాయింపులున్నాయంతే. మన దేశపు తొలి మహిళా వైద్యుల్లో ఒకరైన ఆనందీబాయి జోషి పేరు కూడా అక్కడ ఒక బిలానికి ఉంది. సంతోషించాలా? దాదాపు 460 డిగ్రీల వేడి, సీసం కరిగిపోయే గ్రహం. ఆర్టీసీ బస్సులో ముందు నాలుగు సీట్లు రాసిచ్చినట్టు, సౌరకుటుంబంలో ఇది లేడీస్ సీటు. మన భాషలోనేమో ఆ గ్రహం కూడా మగవాడే, శుక్రుడు! చంద్రుడికి ఇరవై ఏడు మంది భార్యలు, అశ్విని నుంచి రేవతి దాకా. పేర్లన్నీ ఆడపేర్లు, ఆకాశమంతా వాళ్ళే, కానీ కథ అతనిది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్ 3 దిగినప్పుడు అందులో పనిచేసిన స్త్రీలని చూసి దేశం మురిసింది. మూడు రోజులకి దిగిన చోటుకి శివశక్తి అని పేరు పెట్టారు. శక్తి అంటే మహిళా శాస్త్రవేత్తలట. లెక్కలు వేసి, తప్పులు దిద్ది, రాత్రులు మేలుకున్న మనుషుల్ని ఒక్క మాటతో దేవతని చేసేశారు. దేవతకి మరుగుదొడ్డి, బస్సు, ప్రమోషన్ అక్కర్లేదు కదా!

అత్వెల్లిలో నాకు ఆ రాత్రి మిగిలిన ఒక్క ఖగోళ పాఠం చెబుతాను. గిన్నెలు తోముతున్న ఆమె చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూ లేచి, పడమటి దిక్కు చూపిస్తూ, "గదో, మా అమ్మ గా చుక్కల్ని పిల్లలకోడి అంటుండె. అద్దంల గట్లనే కనబడ్తదా సారూ?" అని అడిగింది. టెలిస్కోపు సర్దుతున్న కుర్రాడు, "అవి ప్లియాడిస్ అమ్మా, ఓపెన్ క్లస్టర్" అన్నాడు. చూస్తావా అని అడగలేదు. క్లస్టర్ అంటే ఏమిటి? ఒకే మబ్బులో ఒకేసారి పుట్టి, ఇంకా విడిపోకుండా కలిసి తిరిగే చుక్కల గుంపు. పిల్లలకోడి అన్నప్పుడు ఆమె తల్లి చెప్పింది అదే కదా, ఒక్క పొదుగుడులో పిల్లలు! రోహిణి కార్తె, మృగశిర, ఆరుద్ర అని లెక్క పెట్టుకుంటూ నారు పోసి నాట్లు వేసిన స్త్రీల జ్ఞానం ఎక్కడికి పోయింది? పొలాలు ప్లాట్లయ్యాయి. ఆ ప్లాట్లలో ఆకాశం చూడటానికి వచ్చినవాళ్ళకి ఆమె వండిపెట్టింది. టిక్కెట్టు కొననివాళ్ళు అందరికీ ఆహ్వానంలో అందరూ కారు.

కాబట్టి నా డిమాండ్లు చాలా చిన్నవి, మామూలువి. గొళ్ళెం పడే తలుపు. మేడ్చల్ దాకా, అక్కడి నుంచి సికింద్రాబాద్ దాకా తిరుగు వాహనం. పిల్లలు పడుకోవడానికి ఒక గది, వాళ్ళని చూసుకోవడానికి తండ్రులు. ప్రతి టెలిస్కోపు దగ్గరా చూపించడం నేర్చుకున్న ఒక స్త్రీ, వీలైతే ఆ ఊరి స్త్రీ. మాట్లాడితే తెలుగు, ఆ తెలుగులో పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్క. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి టిక్కెట్టు లేకుండా ప్రవేశం. హాస్టల్ వార్డెన్లకి ఉత్తరం రాయండి, తండ్రి సంతకం అక్కర్లేదని ఒప్పించండి. సగం టిక్కెట్టు మాత్రం వద్దు, పూర్తి డబ్బు తీసుకుని పూర్తి రాత్రి ఇవ్వండి. ఇవేవీ చెయ్యలేమంటే పోస్టర్ మీద అందరికీ ఆహ్వానం అన్న మాట తీసేసి, పురుషులకు, వారి వెంట వచ్చి ముందుగా వెళ్ళిపోయే కుటుంబ సభ్యులకు అని నిజాయితీగా రాసుకోండి.